కొంచెం చెవిటి మైకు

"నీ ఇల్లు రోడ్డు పక్కనా అమ్మాయ్?"

రావోన్ వీధిలో మైకుల కొట్టు ముందు నిలబడి మైకులో ఒక పేజీ చదువుతున్న మరివిక్, ఆపి తల తిప్పింది.

ముసలాయన. నల్లకళ్ళద్దాలు, చేతికర్ర, భుజం మీద తువ్వాలు. కియాపో చర్చి పక్క సందులో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని ఒళ్ళు పట్టే చూపులేనివాళ్ళలో ఒకడు.

"అవును. అయితే?"

"జీప్నీ బళ్ళు తిరుగుతాయా?"

"మనీలాలో జీప్నీలు తిరగని రోడ్డేది తాతా?"

"కోళ్ళు?"

"పక్కింటాయన పందెం కోళ్ళు పెంచుతాడు. అయిదున్నాయి."

"అయితే ఈ కొట్లో మైకు నీకొద్దు. అది అన్నీ వింటుంది. నీకు కొంచెం చెవిటి మైకు కావాలి."

కొట్టు యజమాని బోయెట్ పడీపడీ నవ్వాడు.

"గురువారం వస్తే చాలు, ఇక్కడ తయారు! వెళ్ళి ఎవరి కాళ్ళైనా పిసుక్కో తాతా. అక్కయ్యా, మీరు లోపలికి రండి. చెవులతో విని మీరే చెప్పండి."

మరివిక్‌కి ఓపిక లేదు. ఎనిమిదేళ్ళు కాల్ సెంటర్‌లో రాత్రంతా ఎవరెవరి తిట్లో తిని, మొన్న ఒక్క మెయిల్‌తో రోడ్డున పడ్డ మనిషి. ఆమెకి మిగిలిన ఆస్తి గొంతు ఒక్కటే. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటి, ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళని తీసుకుంటోంది. అందరికీ ఒకటే పేజీ ఇచ్చారు. అది చదివి సోమవారంలోగా పంపాలి. పని వస్తే ఆరేళ్ళ కూతురి పక్కనే ఉంటుంది. రాకపోతే రియాద్ వెళ్ళి ఎవరింట్లోనో గిన్నెలు తోమాలి. కాగితాలన్నీ సిద్ధంగానే ఉన్నాయి.

కొట్టు వెనక, గోడలకి స్పాంజి అతికించిన చిన్న గది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పేజీనే మళ్ళీ చదివింది. తన గొంతు తనకే కొత్తగా, తేనెలా వినిపించింది.

బయటికి వచ్చేసరికి ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"బాగుందా?"

"చాలా బాగుంది."

"ఆ గది నీ ఇంటికి రాదమ్మా."

ఆమె పర్సు తీసి డబ్బులు లెక్కపెట్టుకుంది.

"ఎదురు కొట్టులో పాతవి అమ్ముతారు. పాటగాళ్ళు చేత్తో పట్టుకునే మైకు అడుగు. దీని ధరలో మూడో వంతు కూడా ఉండదు. పెదాలకి దగ్గరగా పెట్టుకుంటే నీ నోరు తప్ప ఇంకేదీ పెద్దగా వినదు. బట్టల బీరువా తెరిచి, బట్టల్లోకి తల పెట్టి చదువు. అదే నీ స్టూడియో."

రావోన్ వీధిలో ఊరికే సలహా చెప్పేవాడుండడు. ఉన్నాడంటే వాడికి ఏదో కొట్టులో వాటా ఉంటుంది. మనీలాలో ప్రతివాడూ తల్లిపాలతో తాగే జ్ఞానం ఇది. పేదవాణ్ణి పేదవాడు నమ్మకుండా చేసే జ్ఞానం కూడా ఇదే.

"నీకెంత ముడుతుంది తాతా?"

"ఏమిటి?"

"ఎదురు కొట్టువాడు నూటికెంతిస్తాడు?"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. కర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మంచి గొంతమ్మా నీది," అన్నాడు చివరికి. "అలిసిపోయింది. అయినా అబద్ధమాడదు."

"పొగడ్తకి కూడా కమిషనుందా తాతా?" అన్నాడు బోయెట్.

మరివిక్ కూడా నవ్వింది.

ముసలాయన కర్రతో రోడ్డు అంచు తడుముకుంటూ జనంలో కలిసిపోయాడు.

ఆమె బోయెట్ దగ్గర ఆ ఖరీదైన మైకే కొనుక్కుని, తొండో పేటలో తన గదికి వెళ్ళింది.

మైకు నిజంగానే అన్నీ విన్నది. జీప్నీ హారన్లు విన్నది. అయిదు కోళ్ళనీ విన్నది. వెనకింటి పుట్టినరోజు విందులో ముగ్గురు తాగుబోతుల కరోకే పాట పూర్తిగా విన్నది.

శనివారం మైకు వెనక్కి పట్టుకెళ్ళింది.

"పెట్టె విప్పాక వాపసు లేదక్కయ్యా," అన్నాడు బోయెట్, ఇంకొకరికి స్పాంజి గది చూపిస్తూ.

ఎదురు కొట్టుకి వెళ్ళడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆదివారం దుప్పటి ముసుగు తన్ని, చెమటలో ఉడికిపోతూ పదకొండుసార్లు చదివింది. పదకొండోదాంట్లో ఒక్క కోడే కూసింది. అదే పంపింది.

పది రోజుల తర్వాత గ్రంథాలయానికి రమ్మన్నారు. అక్కడి ఉద్యోగిని కొన్సుయెలో కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చింది. ఆ మంచినీళ్ళతోనే విషయం అర్థమైపోయింది.

"నీకు పని రాలేదమ్మా."

"ఇంకోసారి చదివి పంపనా మేడమ్? వేరే మైకు ఎరువు తెచ్చుకుంటాను."

"ఒకరికి ఒక్కసారే. రూలు."

"ఎవరండీ ఈ రూళ్ళు పెట్టేది? రోడ్డు పక్క గదిలో ఎప్పుడైనా బతికారా వాళ్ళు?"

కొన్సుయెలోకి కోపం రాలేదు.

"వినేవాళ్ళే పెట్టుకున్నారమ్మా. అయిదుగురు. అయిదుగురికీ చూపులేదు. పుస్తకాలు వాళ్ళవి, చెవులు వాళ్ళవి, తీర్పూ వాళ్ళదే. కోడి కూయగానే నలుగురు ఆపేయమన్నారు."

"అయిదో మనిషి?"

"గంటసేపు పోట్లాడాడు. గొంతు బంగారం, మైకే తప్పు, ఆ పిల్లకి ఎవడో అంటగట్టాడు అని. తీర్పు చెప్పేవాళ్ళెవరో బయటపడకూడదని కదా మా నియమం, అందుకని ఆ పిల్లకి గట్టిగా చెప్పలేకపోయానని ఒకటే బాధపడ్డాడు. వారానికో రోజు పని మానుకుని రావోన్‌లో నిలబడతాడమ్మా ఆయన. మన పేజీ చదివే గొంతు వినిపిస్తే, మోసపోకుండా చూద్దామని."

మరివిక్ గ్లాసు కింద పెట్టింది. తెలిసే అడిగింది.

"ఆయనేం పని చేస్తారు?"

"కియాపోలో ఒళ్ళు పడతాడు," అంది కొన్సుయెలో. "నీ తరఫున చెయ్యెత్తింది ఆయనొక్కడే."