కడిగిన నీళ్లు

"ఆగు బాబూ" అని పెద్దాయన అనేలోపే, కాబోయే అల్లుడు గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు.

"అద్భుతం మావయ్యగారూ! ఇరవయ్యేళ్లు దాచిన టీ అంటే ఏమో అనుకున్నాను. అమృతమండీ!"

పాత టీ ఆకు మీద మొదట పోసే వేడినీళ్లు దుమ్ము వదలడానికే. అవి పారబోసి, రెండోసారి పోసినవి తాగాలి. కుర్రాడు తాగింది పారబోయాల్సిన గిన్నె.

పెద్దాయన భార్యను వంటింట్లోకి లాక్కెళ్లాడు.

"ఆకు కడిగిన నీళ్లు లొట్టలేసుకుంటూ తాగాడే! వాడిది నాలుకా, తోలుముక్కా? టీ రుచి తెలియనివాడికి పిల్లనివ్వను, అంతే!"

"మెల్లగా అనండి, వినిపిస్తుంది."

ఇంతలో హాల్లోంచి రాళ్లు నమిలిన చప్పుడు వచ్చింది. ఇద్దరూ తలుపు చాటునుంచి తొంగిచూశారు. కూతురు తను చేసిన బిస్కెట్లు తెచ్చిపెట్టింది. పొద్దున ఒకటి కొరికితే ఆయన పన్ను కదిలింది. కుక్కయితే వాసన చూసి మంచం కిందికి దూరింది.

"వెన్నలా కరిగిపోతున్నాయి," అన్నాడు కుర్రాడు ఇంకోటి అందుకుంటూ. "పెళ్లయ్యాక రోజూ చేస్తావా?"

అమ్మాయి మొహం వెలిగిపోయింది.

ఏళ్ల తరబడి ఆ చేతివంట తిన్న భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడేమంటారు?" అందామె.

"అనడానికేముంది! వాడు మనసు మార్చుకునేలోపు పెళ్లి చేసేద్దాం," అని ఆయన గొంతు తగ్గించాడు. "అసలు టీ మాత్రం వాడికి పొయ్యకు. రుచి తెలిసిందంటే మన కొంప మునుగుతుంది!"