బొమ్మకు గాలెందుకు?

"వాళ్ళు నవ్వుతున్నారు బావా. మనిషి ట్యాంకులో పడి చస్తుంటే ఎవరైనా నవ్వుతారా?"

మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని, బల్ల కింది అట్టపెట్టె మీద కాళ్ళు చాపాడు. అవతల నడిసముద్రంలో చమురు ఓడ కెప్టెను. చెల్లెలి మొగుడు.

"చచ్చేది మనిషైతే కదా," అన్నాడు కెప్టెను. "గుడ్డలు కుక్కిన బొమ్మ. దాన్ని తాళ్ళతో పైకి లాగుతుంటే మీ తమ్ముడికి నవ్వాగలేదు. వాణ్ణి చూసి మిగతావాళ్ళు."

కంపెనీలో ఓడల భద్రత చూసేది మేనేజరే. ఏడాదికోసారి ఆ భద్రతకు మార్కులు వేసేదీ అతనే. ప్రశ్నలు ఎవరో పంపుతారు. జవాబులు మనవి, మార్కులూ మనవే. ఇంత సుఖమైన పరీక్ష లోకంలో ఇంకోటి లేదు.

అయితే ఆ మార్కులు చూసే పెద్ద కంపెనీలు సరుకిస్తాయి. నాలుగుకు నాలుగూ ఉంటే ఓడ తిరుగుతుంది. లేకపోతే లంగరు వేసుకుని కూర్చుంటుంది. ఓడ కూర్చుంటే బావా, తమ్ముడూ కూడా ఇంట్లో కూర్చుంటారు.

అన్నిటికీ నాలుగు వేసేశాడు. ఒక్కటి మిగిలింది. ట్యాంకులో స్పృహ తప్పిన మనిషిని పైకి తీసే అభ్యాసం. దానికి మాత్రం వీడియో జతచేయాలి. కిందటి నెల తీసిన వీడియోలో అందరి పళ్ళూ కనబడుతున్నాయి. గడువు ఈ సాయంత్రమే.

"మళ్ళీ చెయ్యండి. డెక్కు మీది కెమెరాలోంచి నేనే చూసి రికార్డు చేసుకుంటా."

"ఇవాళా? ట్యాంకులో చమురు వాసన ఇంకా పోలేదు. గాలి ఊదాలంటే ఒక పూట పడుతుంది బావా."

"తీయడానికి దిగేవాళ్ళకి మాస్కులుంటాయిగా. కింద పడుకునేది బొమ్మ. బొమ్మకు గాలెందుకు?"

"అది కాదు, అసలా బొమ్మ..."

"బొమ్మ పురాణం నాకొద్దు. సాయంత్రానికి వీడియో కావాలి. నిజంలా ఉండాలి. అంతే."

ఫోను చేతులు మారిన చప్పుడు. ఈసారి తమ్ముడు.

"అన్నయ్యా, బావ ప్రాణం తియ్యకు. నేను చూసుకుంటాగా. బొమ్మకి నా బట్టలు తొడుగుతాలే. అప్పుడైనా మనిషిలా ఉందంటావా?"

"నీ బట్టలు తొడిగితే కోతిలా ఉంటుంది."

"మరి నీ పోలికేగా!"

తండ్రి పోయాక వాణ్ణి పెంచి, చదివించి, ఓడ ఎక్కించింది ఈ అన్నే. ఆ నవ్వు వింటే అతనికి కోపం నిలబడదు.

"నువ్వు మాత్రం కెమెరాకి కనబడకు. నవ్వావంటే తంతాను."

"కనబడనులే. ఒట్టు."

గుమాస్తా అమ్మాయి టీ తెస్తూ పెట్టె తట్టుకుని తూలింది.

"సార్, ఓడవాళ్ళు పంపిన ఈ పెట్టె వచ్చి వారమైంది. విప్పమంటారా?"

"ఏముంటుంది? చిరిగిన లైఫ్ జాకెట్లు. బాగుచేయించమని పంపుతుంటారు. ఉండనీ. కాళ్ళకి హాయిగా ఉంది."

మధ్యాహ్నం తెర మీద డెక్కు కనబడింది. చప్పుడు లేదు. కెమెరా ఎత్తున స్తంభం మీద ఉంది. ముఖాలు ఆనవు, నడకలు మాత్రం పోల్చుకోవచ్చు. తమ్ముడి నడక ఎక్కడా లేదు. మాట నిలబెట్టుకున్నాడు.

కాసేపు అంతా పుస్తకంలో రాసినట్టే నడిచింది. మాస్కులు తగిలించుకుని ఇద్దరు దిగారు. తాడు బిగుసుకుంది. అంతలో ట్యాంకు నోటి దగ్గరున్నవాడు లోపలికి తొంగి చూసి, చేతులు ఊపుతూ ఏదో అరిచాడు. అందరూ ఒక్కసారిగా పరుగెత్తారు. కెప్టెను టోపీ గాలికి దొర్లుకుంటూ పోయింది. అతను దానివైపు చూడనైనా లేదు.

తాడు చివర తమ్ముడి నారింజ రంగు బట్టలు పైకి వచ్చాయి. మోకాలి మీద చెల్లెలు వేసిన నీలం అతుకు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. డెక్కు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కెప్టెను మోకాళ్ళ మీద కూలబడి ఛాతీ అదమడం మొదలుపెట్టాడు. ఒకడు ఆక్సిజన్ సిలిండరు మోసుకొచ్చాడు. ఇంకొకడు తాళ్ళ చుట్ట మీద చతికిలబడి తల బాదుకున్నాడు.

ఒక్కడూ నవ్వలేదు.

"చూశావా అమ్మాయ్!" మేనేజరు తొడ చరిచాడు. "మా బావ నాటకాల్లో వేషం కట్టాల్సినవాడు."

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. "నాకెందుకో భయమేస్తోంది సార్."

"నాక్కావలసిందీ అదే."

రికార్డు ఆపాడు. తెర మీద కెప్టెను ఇంకా అదుముతూనే ఉన్నాడు. ఇది కాస్త అతి అనుకుని తెర కట్టేశాడు. వీడియో జతచేశాడు. నాలుగు వేశాడు. పంపేశాడు.

ఫోను మోగింది. ఓడ నంబరు.

"మార్కులెన్నో తెలుసుకోవాలని తొందర. మోగనీ. పొద్దున నాకు గాలి పాఠాలు చెప్పాడుగా."

ఫోను ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇక తీసెయ్ ఆ పెట్టె," అంటూ మేనేజరు కాళ్ళు కిందికి దించాడు. అమ్మాయి దాన్ని బయటికి లాగింది. కత్తెరతో తాడు కోసింది. అట్ట విప్పింది.

లోపల, భుజం కుట్లు ఊడి గుడ్డలు బయటికొచ్చిన ఓడవాళ్ళ బొమ్మ మోకాళ్ళు ముడుచుకుని ఉంది.