నడుముకు కట్టిన తాడు

"తాడు రెండో కొస దేనికి కట్టావయ్యా?" మేడ మీదికొచ్చిన సూపర్‌వైజరు పెయింటరును అడిగాడు.

"నా నడుముకే సార్. పిట్టగోడ కదులుతోంది."

కింద, నాలుగో అంతస్తు సజ్జా మీద నిలబడి పెయింటరు తమ్ముడు గోడకు రంగు వేస్తున్నాడు.

"వాడు జారితే నువ్వూ పోతావు."

"నేనున్నాననే ధైర్యంతోనే దిగుతాడు సార్ వాడు."

"ముందు వాణ్ని పైకి పిలు."

"ఒరేయ్, వచ్చెయ్," అంటూ పెయింటరు తాడు లాగాడు. అది తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. కొసన కొక్కెం ఖాళీగా ఊగుతోంది.

"ఎప్పుడు విప్పావురా?"

"రోజూ దిగగానే విప్పేస్తాను," గోడ మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు తమ్ముడు. "నీకు పిల్లలున్నారు కదన్నయ్యా."

గొంతు దాకా వచ్చిన తిట్టును పెయింటరు మింగేశాడు. తిడితే వాడు తలెత్తి చూస్తాడు. ఆ సజ్జా మీద తలెత్తి చూసేంత చోటు లేదు.