అక్క వస్తేనే అన్నం

ఆదివారం అద్దం గోడ మీది నుంచి ఊడిపడింది. అప్పటి నుంచి ఆదిలక్ష్మమ్మ మెతుకు ముట్టలేదు.

"అక్క రాకుండా నేనెట్ల తినేది?" అంటుంది. ఇంకో మాట లేదు.

ఆ అక్క పేరు చెంగమ్మ. నంగలిలో తల్లి లేని చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. చెల్లెలి మొగుడికి గనిలో పని దొరికితే, తానూ వెంట కేజీఎఫ్ వచ్చేసింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న మనుషులు. గనులు మూతపడిన ఏడాదే చెంగమ్మ పోయింది.

నిరుడు దాకా ఆదిలక్ష్మమ్మకు ఆ సంగతి గుర్తుండేది. తర్వాత మతి తప్పింది. ఒకరోజు నిలువుటద్దంలో తన ముఖమే చూసుకుని, "ఎప్పుడొచ్చినావక్కా?" అని పలకరించింది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే పోలిక మరి. ముసలామెను అని ఏం లాభం? ఆనాటి నుంచి ఆ అద్దం ముందే భోజనం.

కోడలు నేత్ర మొదట్లో హడలిపోయింది. చచ్చినామెను రోజూ భోజనానికి పిలిచే ఇంట్లో ఎవరు మాత్రం గుండె చిక్కబట్టుకుని ఉండగలరు?

మొగుడు శశి నవ్వేశాడు. "అది మా అమ్మ నీడే కదే. ఇద్దరూ కలిసి తింటా ఉండారు, తిననీ."

నవ్వడానికేం! పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి. పగలంతా ఆ అద్దంతో వేగేది నేత్ర.

అద్దం పడింది కూడా ఆ మహానుభావుడి పుణ్యమే. హాలుకు అడ్డంగా జిప్సం బోర్డు గోడ పెట్టించి, తల్లికి వేరే గది చేశాడు. బాగానే ఉంది. టేకు ఫ్రేముతో మోయలేనంత బరువున్న ఆ అద్దాన్ని గదిలోకి మార్చాడు. అదీ బాగానే ఉంది. కానీ గని కూలీలు ఉండే లైన్లలోని పాత ఇంటి మట్టిగోడకు కొట్టినట్టే ఈ గోడకూ జానెడు మేకు కొట్టాడు. లోపలంతా డొల్ల. మేకూ అద్దమూ కాస్త గోడా కలిసే దిగాయి.

"పగల్లేదులే, మూలలో చిన్న గీత పడింది, అంతే," అని అద్దానికి దుప్పటి చుట్టి వరండాలో ఆనించి పోయాడు.

బుధవారానికి ముసలామె కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. గ్లాసుడు గంజి కూడా గొంతు దిగలేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కదన్నాడు డాక్టరు. నేత్రకు ఏడుపు ముంచుకొచ్చింది. పుట్టింటి దిక్కు లేని తనకు పురిటి స్నానాలు చేయించింది ఆ అత్త చేతులే. నీడో, దెయ్యమో, ఆ అక్కను మళ్ళీ తెచ్చి నిలబెట్టాల్సిందే.

మర్నాడు పొద్దున్నే ఆంథోనీని పిలిపించింది. వడ్రంగం, కరెంటు, కుళాయి అన్నీ తనకే వచ్చని చెప్పుకు తిరిగే మనిషి. గోడను వేలితో తట్టి పెదవి విరిచాడు.

"ఇదేమి గోడమ్మా, అప్పడం మాదిరి ఉండాది. అంత బరువు యాడ నిలస్తాది?"

"లోపల ఇనుప పట్టీలు ఉండాయి ఆంథోనీ. అవి యాడుండాయో చూసి వాటికి బిగించు," అంటూ నేత్ర ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి అతని చేతిలో పెట్టింది. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆ విద్య ఆమెకు కంఠతా వచ్చేసింది.

అయస్కాంతం గోడ మీద జారుతూ పోయి ఒకచోట టక్కున అతుక్కుంది. కాస్త ఎడంగా ఇంకోచోట. ఆ రెండు పట్టీలకూ అడ్డంగా చెక్క పెట్టి స్క్రూలు బిగించాడు. చెక్కకు రెండు కొక్కేలు వేశాడు.

"ముందు బియ్యం మూట తగిలించి చూడు."

"ఏమమ్మా, నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉండాది. గోడ మీదే లేదు."

మూట వేలాడింది. గోడ కిమ్మనలేదు. అంగన్‌వాడీలో డ్యూటీకి వేళ మించిపోతోంది. మిగతా పని జాగ్రత్తగా చేసి, తలుపు దగ్గరికేసి పొమ్మని చెప్పి నేత్ర పరుగెత్తింది.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి గదిలోంచి అత్త గొంతు.

"ఇన్నినాళ్ళు యాడికి పోయినావక్కా? ఎంత చిక్కిపోయినావు!"

నేత్రకు ప్రాణం లేచొచ్చింది. సంగటి ముద్ద, అనపగింజల పులుసు కంచంలో వేసుకుని గదిలోకి పోయింది. అద్దం వైపు తలెత్తలేదు. ఇన్నాళ్ళయినా ఆ జంకు పోలేదు. కంచం అత్త పక్కన స్టూలు మీద పెట్టి గిరుక్కున తిరిగొచ్చేసింది.

గడపలో నిలబడి అప్పుడు తొంగిచూసింది. ఇటు అత్త వీపు. ఆమె భుజం మీదుగా, ఎదురుగా అక్క ముఖం. అత్త ముద్ద తుంచి ముందుకు చాచింది. అక్క కూడా చేయి చాచింది. ఇద్దరూ నమిలారు.

నేత్ర కళ్ళు తుడుచుకుంది. అద్దంలో తన ముఖం కూడా కనబడాలి కదా అనిపించింది. అత్త తల అడ్డమొచ్చిందేమో. ఏదైతేనేం, తింటోంది. అంతకంటే కావలసిందేముంది?

"నేత్రా, ఇంగో ముద్ద తేమ్మా. అక్కకు చాల్లేదంట."

నేత్ర పకపకా నవ్వేసింది. పరుగున ఇంకో ముద్ద తెచ్చింది. అదీ ఖాళీ అయింది.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. చూస్తే ఆంథోనీ. చెమటలు కక్కుతున్నాడు. పాత పేపర్లు చుట్టిన వెడల్పాటి పలకేదో రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"నీ చెయ్యి చల్లగుండ ఆంథోనీ! మా అత్త కడుపునిండా తినింది. మళ్ళీ వచ్చినావేమి? పనైపోయింది కదా?"

"యాడ అయిందమ్మా, పాతది నిలువునా పగిలుండాదని కొత్త అద్దం కోయించుకోని ఇప్పుడే వస్తా ఉండా, పొద్దున నేను గోడకు తగిలించింది ఉత్త ఫ్రేమే కదా."