నాలుగు రోజుల దూరం

పొట్ట తగ్గించుకోమని డాక్టరు పదేళ్లుగా మొత్తుకుంటున్నా వినని సర్వేశ్వరరావు నాలుగు రోజులు కొండల్లో నడవడానికి సిద్ధపడ్డాడు. కారణం ఆరోగ్యం కాదు. పన్నెండు బస్తాల మిరియాలు.

అరకు రోడ్డు పక్కన ఓ వ్యాపారి గోడౌనుకి అతను మేనేజరు. యజమాని ఉండేది విశాఖలో. కాపలాదారు ఎలీయేజరు ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్తే మధ్యాహ్నం దాటాక గానీ రాడు. ఆ సందులో బావమరిది రవిబాబు తాళం పగలగొట్టి బస్తాలు మాయం చెయ్యాలి. సర్వేశ్వరరావు మాత్రం ఆ వేళకి ఎవరూ వేలెత్తి చూపలేనంత దూరంలో ఉండాలి. ఉన్నట్టు రుజువు కూడా ఉండాలి.

“బస్తాలెక్కడ ఎట్టమంటావు బావా? గంజాయని సెక్‌పోస్టులో ప్రతి బండీ విప్పి సూత్తన్నారు,” అన్నాడు రవిబాబు.

“బండెక్కించకు. మోసుకెళ్లి దగ్గర్లో ఎక్కడో పడెయ్. వారం ఆగి చూద్దాం. ఎక్కడ పెట్టావో నాకు మాత్రం చెప్పకు. తెలిస్తే కదా నోరు జారేది!”

ఆ ముందుచూపుకి తనని తానే మెచ్చుకున్నాడు. బావమరిది మధ్యలో ఫోన్ చేసి కొంప ముంచుతాడని ఫోను కూడా ఇంట్లోనే వదిలేశాడు.

‘గుడిసె నుంచి గుడిసెకి ట్రెక్కింగ్. నాలుగు రోజులు, నాలుగు గుడిసెలు’ అన్న కాగితం లాడ్జి గోడ మీద చూసి, దారి చూపించే మంగ్లుని పిలిపించాడు. మంగ్లు బొగ్గుముక్కతో కాగితం మీద నాలుగు గుడిసెలు గీసి, మధ్యలో వంకర గీతలు లాగాడు.

“ప్రతి గుడిసెలో రిజిస్టరు ఉండాలి. నేను తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి,” అన్నాడు సర్వేశ్వరరావు.

“అదేటి పెద్ద పని బాబూ! కొనేత్తాను.”

“నాలుగో గుడిసె ఇక్కణ్ణించి ఎంత దూరం?”

మంగ్లు కాసేపు ఆలోచించాడు. “నడక నాలుగు రోజులు బాబూ.”

గురువారం పొద్దున జీపు మలుపులన్నీ తిప్పి ఎక్కడో దింపింది. ముసురు పట్టింది. మబ్బు కొండ దిగి దారిలోకే వచ్చేసింది. పదడుగుల అవతల ఏముందో తెలియదు. ఎక్కడం, దిగడం, గెడ్డలో మోకాల్లోతు నీళ్లు దాటడం, మళ్లీ ఎక్కడం. సాయంత్రానికి గుడిసె. అంబలి, నాటుకోడి కూర, ఎర్రట్ట రిజిస్టరులో సంతకం.

రెండో రోజుకి మోకాళ్లు మొరాయించాయి. రెండో గుడిసెలో వడ్డిస్తున్న మనిషిని చూసి, “ఈవిడ నిన్నటావిడలా ఉందే?” అన్నాడు.

“దాని సెల్లి బాబూ,” అన్నాడు మంగ్లు.

మూడో గుడిసెలో అడక్కుండానే చెప్పాడు. “పినతల్లి కూతురు.”

సర్వేశ్వరరావు తలూపి ఊరుకున్నాడు. కొండవాళ్లంతా ఒకేలా ఉంటారని అతని గట్టి నమ్మకం. రెండేళ్లుగా ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఒక్కరి ముఖమూ తిన్నగా చూసిన పాపాన పోలేదు. గుడిసెలూ అంతే అనుకున్నాడు. ఒకదానికి ఎర్రమట్టి, ఒకదానికి సున్నం, లోపల ఒకటే చీకటి.

ఆదివారం పదకొండింటికి ఓ ఏటవాలు మీద నడుస్తుంటే పైన మబ్బులో పుల్లలు విరిగిన చప్పుడైంది. ఏదో భారంగా రొప్పుతోంది.

“ఎలుగు! కదలకండి బాబూ!”

సర్వేశ్వరరావు మంగ్లు నడుం పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. ఎలుగు వెళ్లింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది. అంత భయంలోనూ అతనికి ఓ సంతోషం కలిగింది. సరిగ్గా ఈ వేళకే కదా రవిబాబు తాళం పగలగొడుతుంటాడు! తనెక్కడ, గోడౌనెక్కడ!

ఆ సాయంత్రం నాలుగో గుడిసెలో చారు గొంతు దిగేసరికి కళ్లంట నీళ్లు కారాయి.

“ఇన్ని మిరియాలు వేశావేంటమ్మా?”

“దేవుడిచ్చాడు బాబూ,” అంది గుడిసె ఆవిడ.

నాలుగో రిజిస్టరులో సంతకం పెట్టి, ఆదివారం అన్న మాట కింద రెండు గీతలు గీసి, హాయిగా పడుకున్నాడు. ఉద్యోగం పోదు, జైలు రాదు, మిరియాలు మిగిలాయి.

సోమవారం పొద్దున కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ఎస్సై హేమలత, ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక ఎలీయేజరు. కబురు చెప్పడానికి పాపం ఇంత దూరం వచ్చారా అని సర్వేశ్వరరావు నిజంగానే జాలిపడ్డాడు.

“మీ గోడౌనులో దొంగతనం జరిగింది,” అంది ఎస్సై. “మీరిక్కడేం చేస్తున్నారు?”

అతను గుండె పట్టుకుని చతికిలబడ్డాడు. నాలుగు రోజులుగా దారి పొడుగునా సాధన చేసిన పనే అది. “గురువారం నుంచీ ఈ అడవుల్లోనే ఉన్నాను మేడం. కావాలంటే చూడండి,” అంటూ, మంగ్లు చేత సంచిలో మోయించుకొచ్చిన నాలుగు రిజిస్టర్లూ ముందు పెట్టాడు.

ఎస్సై ఓపిగ్గా అన్నీ తిరగేసింది. “సంతకాలు బాగున్నాయి. బస్తా ఒకటి చిరిగినట్టుంది. రాలిన మిరియాలు చూసుకుంటూ వచ్చాం. పన్నెండు బస్తాలూ ఈ ఇంటి వెనక మేకల పాకలోనే దొరికాయి.”

సర్వేశ్వరరావుకి మతిపోయింది. ఇక్కడా? తను నాలుగు రోజులు పడి లేచి చేరిన చోటికి ఒక్క పూటలోనా? ఆ ఆశ్చర్యంలో భయం కూడా మర్చిపోయాడు.

“పన్నెండు బస్తాలు ఇంత దూరం ఎలా మోశాడు మా రవిబాబు!” అనేశాడు పైకే.

ఎస్సై నెమ్మదిగా పెన్ను తీసింది.

అందరికీ టీ గ్లాసులు పట్టుకొచ్చిన గుడిసె ఆవిడకి మాత్రం ఒళ్లు మండిపోయింది. “దూరమేటి బాబూ, ఈ గట్టు దిగితే మీ గోడౌనే కదా! నాలుగు రోజుల్నించీ కొండ సుట్టూ తిరిగి తిరిగి సాయంత్రానికి మా ఇంటికే వత్తన్నావు, నీకోసం గోడకి రోజుకో పూత ఎయ్యలేక, పూటకో కోక మార్సలేక నేను సచ్చిపోతన్నాను!”