మూలగని తాళం

పెద్ద వరద వచ్చిన రెండో ఏడు. స్టేషన్లో బల్ల మీద మూడు తాళాలు వరసగా పెట్టారు. బల్లకి ఇవతల తాళాల రిపేరు చేసే పెద్దాయన నిలబడ్డాడు. అవతల ఇన్‌స్పెక్టరు, పక్కన కళ్లద్దాల అమ్మాయి. నేరం చేసేవాడి బుర్ర ఎలా నడుస్తుందో చదువుకుని వచ్చిందట. కానిస్టేబుళ్లు ఆమెని మనసు డాక్టరంటున్నారు.

"మూడిళ్లలో లోపలి గదులు తెరిచి బంగారం పట్టుకుపోయారు. మూడో ఇంట్లో ముసలామె అడ్డం వచ్చింది. తల పగిలి చచ్చిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంక ఇది ఉత్త దొంగతనం కాదు పెద్దాయనా. మీ ఇంట్లో ఒకడి బతుకంతా జైల్లోనే. ఎవడో నువ్వే చెప్పు."

పెద్దాయన దగ్గరే పని నేర్చిన కొడుకూ అల్లుడూ నిన్నటి నుంచి లాకప్పులో ఉన్నారు.

"కూర్చోండి," అంది డాక్టరు. "ఈ తాళాలు పగలగొట్టలేదు. తాళంచెవి లేకుండా తీశారు. దొంగతనం అయ్యాక మళ్లీ వేశారు. వేశాక నూనె చుక్క వేశారు. చూడండి, కొక్కెం మీంచి కిందికి కారింది."

"చప్పుడు కాకుండా వేసుంటాడండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చప్పుడు కాకూడదంటే తీసేముందు వెయ్యాలి. ఇది పనంతా అయ్యాక వేసింది. అవసరం కాదు, అలవాటు. మనిషిని కొట్టి పడేసి కూడా, పోతూ పోతూ ఆగి నూనె వేశాడంటే, వేస్తున్నట్టు వాడికే తెలిసుండదు. ఎవరూ చూడనప్పుడు చెయ్యి ఏం చేస్తుందో, అదే అసలు మనిషి."

పెద్దాయన ఒక తాళం తీసుకుని వేలితో రుద్దాడు. వాసన చూశాడు.

"ఇది నేను నేర్పిందేనమ్మా. తీసిన తాళాన్ని పొడిగా వదలొద్దని. ఇద్దరికే నేర్పాను."

"ఎవరికి వంటబట్టింది?"

"మావాడికి పదేళ్లుగా చెప్తున్నా. నా ఎదురుగా ఒక్కనాడు వెయ్యలేదు. నేను చెప్పాను గనక వెయ్యడు. నూనె డబ్బా అంటే పామే వాడికి. అదే రెండోవాడైతే..."

ఆగిపోయాడు. రెండోవాడంటే కూతురి మొగుడని అతనికి అప్పుడు తట్టింది.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది. ఇద్దరినీ తీసుకురమ్మంది. చెరొక పాత తాళం, చెరొక తీగముక్క ఇచ్చింది.

"తీసి, మళ్లీ వెయ్యండి. అంతే."

కొడుకు ఈల వేస్తూ తీశాడు, వేశాడు, బల్ల మీదికి విసిరాడు. "ఇంకేమైనా తియ్యాలా మేడమ్? మీ లాకప్పు తాళం కూడా అంతంతమాత్రమే."

కానిస్టేబులు నవ్వాపుకున్నాడు.

అల్లుడు తాళం మీదికి వంగాడు. చాలాసేపు పట్టింది. తీశాడు, వేశాడు. కింద పెట్టబోయి అటూ ఇటూ చూశాడు.

"మామయ్యా, నూనె చుక్క ఉందా? బిగుసుకుపోయింది పాపం."

పెద్దాయన నేలకేసి చూశాడు.

"లేకపోతే రేపు వేద్దాం లెండి," అన్నాడు అల్లుడు. అతనికి ఏం అర్థం కాలేదు.

సాయంత్రం కొడుకుని వదిలేశారు.

ఇంటి గుమ్మంలో కూతురు నిలేసింది. "ఏం చెప్పావు నాన్నా అక్కడ?"

"అడిగింది చెప్పాను."

"ఆయన కాలికింద చీమ ఉంటే ఆగి నడిచే మనిషి."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

పెద్దాయన కొట్టు కట్టేసి వస్తానని వెళ్లాడు. కొడుకు వెంట వచ్చాడు. కొట్టు తాళం వరదలో వారం నానింది. అప్పటినుంచీ తాళంచెవి తిప్పితే వీధి చివరిదాకా మూలుగుతుంది.

"ఊరందరికీ నూనె నూనె అంటావు. దీనికి మాత్రం వెయ్యవేం?" అన్నాడు కొడుకు.

"అది నా కుక్క. ఎవడు ముట్టినా అరుస్తుంది."

"ముసలి కుక్క," అని కొడుకు నవ్వాడు.

పెద్దాయన తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవినీ నడుముకి కట్టుకున్నాడు. దాంతోనే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచాడు. కొడుకు ఇంకా గుర్రు పెడుతున్నాడు. కూతురు అల్లుడికి అన్నం క్యారియర్ కట్టుకుని తండ్రితో బయల్దేరింది. స్టేషనుకి కొట్టు మీంచే దారి.

పెద్దాయన నడుము దగ్గరి తాళంచెవి తీసి తాళంలో పెట్టాడు. తిప్పాడు.

మెత్తగా తిరిగింది.

వేళ్లకి తడి తగిలింది. కొక్కెం మీంచి కిందికి సన్నగా కారి ఉంది. వాసన చూడక్కర్లేకపోయింది. ఈ తాళాన్ని తాళంచెవి లేకుండా తియ్యగలవాళ్లు ముగ్గురు. ఒకడు లాకప్పులో ఉన్నాడు. ఒకడు ఇక్కడ నిలబడి ఉన్నాడు.

తలుపు తోశాడు. మూల ఉండే పాత తాళాల పెట్టె పక్కకి జరిపి ఉంది. దాని కింద బండ లేపి ఉంది. కింద గుంట. అలాంటి గుంట ఉందని అతనికి ఇవాళే తెలిసింది. ఖాళీగా ఉంది. మట్టిలో తెగిన బంగారు గొలుసు కొక్కెం ఒకటి మెరుస్తోంది.

అడుగు ముందుకేసి దాన్ని కాలికింద తొక్కిపట్టాడు.

కూతురు క్యారియర్ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. గుమ్మం బయటే ఆగి తాళం వైపు చూస్తోంది.

"ఇవాళ మూలగలేదేం నాన్నా?"

పెద్దాయన చొక్కా అంచుతో తాళం తుడిచాడు. కొక్కెం తుడిచాడు. వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"నిన్న నేనే నూనె వేశానమ్మా," అన్నాడు.