అడగకూడని మాట

“ఒంటికి వెళ్తే తెలుస్తోందా అమ్మా?”

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది.

అడిగినాయనకు అరవై దాటి ఉంటాయి. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద, ఆమెకు ఒక మనిషి ఎడంలో కూర్చుని ఉన్నాడు.

“ఏమన్నారు?”

“అదేనమ్మా... కూర్చునే చోట మొద్దుబారినట్టు గానీ, ఒంటికి వచ్చేది తెలియకపోవడం గానీ...”

“ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ?”

వరండా అంతా ఇటు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. లేచి మాత్రం వెళ్లలేదు.

“కోప్పడితే కోప్పడమ్మా. ఎప్పుడైనా అలా అనిపిస్తే ఆ పూటే పరిగెత్తుకురా.”

ఆమె మొహం తిప్పేసుకుంది.

ఆమెది హోటల్ లాండ్రీలో పని. రెండు నెలల కిందట మెషీన్లోంచి తడి దుప్పట్లు ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. మర్నాటికి పిరుదు నుంచి మడమ దాకా నిప్పు గీత గీసినట్టు నొప్పి. తుమ్మొస్తే ప్రాణం పోయినంత పని. వంగలేక, కూతుర్ని పీట ఎక్కించి నిలబెట్టి జడ వేసేది.

డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు.

ఒక డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఇంకో డాక్టరు, “ఆరు వారాలు వ్యాయామం చేసి చూడండి. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. ఏమైనా తేడా వస్తే వెంటనే రండి,” అన్నాడు.

ఏ తేడానో ఆయన చెప్పలేదు. ఈమె అడగలేదు.

ఆడపడుచేమో నడుము తొక్కి బాగుచేసే మనిషి ఉన్నాడు, పోదాం రమ్మంది.

“తొక్కించుకోవడానికి మా సూపర్‌వైజర్ చాలడా వదినా,” అని నవ్వబోయి మూలిగింది.

“కత్తి పెడితే కాళ్లు పడిపోతాయంటారే. ముందు వ్యాయామమే చూద్దాం,” అన్నాడు భర్త.

ఆమెకూ అదే నయమనిపించింది.

మూడో రోజు వచ్చేసరికి ఆ పెద్దమనిషి మళ్లీ అక్కడే. ఈసారి పక్కనున్న పాతికేళ్ల అమ్మాయి వైపు వంగి నెమ్మదిగా అదే మాట అడుగుతున్నాడు. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది.

ఎదురుగా ఇద్దరు మగవాళ్లు నడుములు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లనేమీ అడగలేదు.

ఆమె గోడ పట్టుకుంటూ గేటు దాకా నడిచింది.

“ఆ ముసలాయన ఆడవాళ్లని ఏం అడుగుతున్నాడో మీకు తెలుసా?” అంది కాపలావాడితో.

“రోజూ వస్తాడమ్మా. పేషెంటేమో అనుకున్నా.”

“పేషెంటు కాదు, పీడ. మీరు పంపిస్తారా, నన్ను పైవాళ్ల దగ్గరికి వెళ్లమంటారా?”

కాపలావాడు ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. ముసలాయన గేటు దగ్గర చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆమెకు నొప్పి కాస్త తగ్గినట్టే అనిపించింది.

అయిదో వారంలో ఒక పొద్దున లేచేసరికి కాలి నొప్పి లేదు. సంబరంగా స్నానానికి వెళ్లింది. తొడల మధ్య పడుతున్న నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తెలియలేదు. ఒంటికి కూర్చుంటే ఎంతసేపటికీ రాలేదు.

ముసలాయన మాట గుర్తొచ్చింది. ఛీ అనుకుంది.

“అలా ఉన్నావేంటే?” అన్నాడు భర్త.

“ఏం లేదు. నొప్పి తగ్గింది.”

మర్నాడు తనకు తెలియకుండానే పక్క తడిసింది. ఆయన లేవకముందే దుప్పటి ఉతికి ఆరేసింది. సాయంత్రం మళ్లీ ఉతికింది.

మూడో రోజు గుమ్మం దగ్గర కాళ్లు చచ్చుబడి కూలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే.

“ఒంటికి వెళ్తే తెలుస్తోందా?”

ఆమె చేతుల్లో మొహం దాచుకుంది.

“ఎప్పటి నుంచి?”

“మొన్న పొద్దున్నించి.”

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగిపోయింది. “నొప్పి తగ్గలేదమ్మా, నరాలు చచ్చుబడిపోతున్నాయి. మొన్నే రావాల్సింది,” అని, నర్సును పిలిచి ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమంది.

ఆపరేషన్ సక్రమంగానే జరిగింది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఒంటికి గొట్టం, గొట్టానికి సంచి. సంచి కనపడకుండా చీర కుచ్చిళ్లు కప్పుకోవడం నేర్చుకుంది. లాండ్రీలో ఆమె చోటికి ఇంకొకామె వచ్చింది.

రెండు నెలలకు చక్రాల కుర్చీలో మళ్లీ అదే గదికి వచ్చింది. బయట బెంచీ ఖాళీగా ఉంది.

“ఇక్కడో పెద్దాయన కూర్చునేవారు...” అంది, ఫిజియో అమ్మాయి తన కాలు పైకెత్తుతుంటే.

“ఆయనా? ఎవరో ఆవిడ ఫిర్యాదు చేసిందట. గేటు దాటనివ్వడం లేదు. నేనప్పుడు సెలవులో ఉన్నాను, లేకపోతే అడ్డుపడేదాన్ని.”

ఆమె సంచి మీద కుచ్చిళ్లు సర్దుకుంది.

“డాక్టరా ఆయన?”

“కాదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.”

“మరి... ఆయనకీ నడుము నొప్పా?”

“ఆయనకి ఏ నొప్పీ లేదమ్మా,” అంది ఫిజియో అమ్మాయి కాలు మెల్లగా దించుతూ. “ఆయన భార్యకి మీలాగే అయింది. సిగ్గుపడి నాలుగు రోజులు కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేదట. అప్పట్నించీ మంచమే. ‘అప్పుడు నేనైనా అడిగుండాల్సింది’ అని, రోజూ పొద్దున్నే ఆవిడకి గుడ్డలు మార్చి, అన్నం తినిపించి, ఇక్కడికొచ్చి కనపడిన ప్రతి ఆడమనిషినీ అడిగేవారు.”